కొత్త టీవీకి పాత స్టీరియో యాంప్ కలపాలి: ఆప్టికలా, ఆర్కా, ఏ డబ్బా కొనాలి?

ఉప్పల్ స్టీరియో

నమస్తే అందరికీ. ఇంట్లో పని నడుస్తోంది, ఫాల్స్ సీలింగ్ వాళ్లు వచ్చే వారం అన్నీ మూసేస్తామంటున్నారు, అందుకని కాస్త తొందరగా తేల్చుకోవాలి.

హాల్లో 55 అంగుళాల 4కె టీవీ పెట్టాం. వెనక నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్నాయి, ఒకదాని పక్కన చిన్న అక్షరాల్లో ఈఆర్క్ అని రాసుంది. చిన్న మూతతో ఆప్టికల్ అవుట్ ఒకటి, హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఒకటి ఉన్నాయి. పాత టీవీలకి ఉండే ఎరుపు తెలుపు ఆడియో అవుట్ సాకెట్లు మాత్రం లేవు. నాన్న తొంభైల్లో కొన్న స్టీరియో యాంప్లిఫయర్, దాని రెండు పెద్ద స్పీకర్లు మా దగ్గర ఉన్నాయి, ఇప్పటికీ బ్రహ్మాండంగా పలుకుతాయి. ఆ యాంప్ వెనక ఫోనో, ట్యూనర్, ఆక్స్, టేప్ అని రాసిన ఆర్‌సీఏ సాకెట్లు తప్ప డిజిటల్ అన్నది ఏదీ లేదు. సౌండ్‌బార్ కొనుక్కుంటే పోతుంది కదా అని అందరూ అంటున్నారు, కానీ ఇంత మంచి స్పీకర్లు అటక మీద పెట్టి ఇంకోటి కొనడం నాకు ఇష్టం లేదు.

కోఠీలో ఒక షాపులో అడిగితే చిన్న నల్ల డబ్బా ఇచ్చారు, ఒకవైపు పసుపు, ఎరుపు, తెలుపు ఆర్‌సీఏలు, రెండోవైపు హెచ్‌డీఎంఐ. ఇంటికొచ్చి కలిపితే పవర్ లైటు వెలుగుతోంది, సౌండ్ మాత్రం రావట్లేదు. మళ్లీ వెళ్లి అడిగితే మీ కేబుల్ లోకల్‌ది సార్, బంగారు పూత ఉన్న 8కె కేబుల్ వెయ్యండి, సౌండ్ కూడా క్లియర్‌గా ఉంటుంది అని నాలుగు వేలు చెప్పారు. అంత పెట్టి కేబుల్ వేస్తే నిజంగా తేడా వస్తుందా?

ఇంకో విషయం, యాంప్ టీవీ కింద కాకుండా పక్క గోడ మూలలో ఉంటుంది, పైపులోంచి తిప్పి తెస్తే ఎనిమిది మీటర్ల దాకా పడుతుంది. టీవీకి సెట్‌టాప్ బాక్స్, తమ్ముడి ప్లేస్టేషన్ 5 ఉన్నాయి. ఎక్కువగా చూసేది అమ్మ, ఆవిడకి రెండు రిమోట్లంటే చిరాకు. ఇవన్నీ చూసి ఏం కొనాలో చెప్పండి.


గుజరాతీ గల్లీ రెగ్యులర్

ముందుగా ఆ డబ్బా సంగతి. మీకిచ్చింది ఆర్‌సీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది, అంటే పాత వీసీఆర్, పాత డీవీడీ ప్లేయర్ లాంటివి కొత్త టీవీకి కలపడానికి. దాంట్లోకి ఆర్‌సీఏ వైపు నుంచి సిగ్నల్ వెళ్లాలి, హెచ్‌డీఎంఐ వైపు నుంచి బయటికి రావాలి. మీకు కావాల్సింది దానికి పూర్తిగా రివర్స్. ఇలాంటి డబ్బాలు రెండు వైపులా పనిచెయ్యవు, లోపల ఉండే చిప్ ఒక దిక్కుకే చేసింది, కాబట్టి నాలుగు వేల కేబుల్ కాదు, నలభై వేల కేబుల్ తగిలించినా అందులోంచి సౌండ్ రాదు. డబ్బా మీద ఇన్‌పుట్ అని ఏ వైపు రాసుందో, అవుట్‌పుట్ అని ఏ వైపు రాసుందో కౌంటర్ దగ్గరే చూసుకోవాలి. బిల్లు ఉంటే తీసుకెళ్లి మార్చమని గట్టిగా అడగండి, తప్పు మీది కాదు.

మీకు కావాల్సింది ఆప్టికల్ నుంచి ఆర్‌సీఏకి మార్చే డాక్. గుజరాతీ గల్లీలో యాంప్‌లు, స్పీకర్లు అమ్మే ఏ షాపులోనైనా ఆప్టికల్ టు ఆర్‌సీఏ డాక్ అని అడగండి, వెంటనే అర్థమవుతుంది. టీవీ ఇచ్చేది అంకెల రూపంలో ఉన్న డిజిటల్ సిగ్నల్, మీ యాంప్‌కి కావాల్సింది అనలాగ్, మధ్యలో దాన్ని మార్చే మనిషి ఈ డాక్. మామూలువి వెయ్యి లోపే దొరుకుతాయి, ఇంకాస్త పెట్టగలిగితే కొంచెం పేరున్నది తీసుకోండి, ఎందుకంటే మీ సౌండ్ నాణ్యత నిజంగా తేలేది ఇక్కడే, కేబుల్‌లో కాదు.

ఇప్పుడు కలిపే పద్ధతి చెప్తాను, దాదాపు అందరూ ఇక్కడే ఆగిపోతుంటారు. ఆప్టికల్ కేబుల్ కొత్తది తీస్తే రెండు మూతుల మీదా గింజంత ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, పారదర్శకంగా ఉంటుంది కాబట్టి చాలామందికి కనపడదు. అది తియ్యకుండా నొక్కితే లోపలికి పోదు, బలవంతం చేస్తే టీవీ వైపు సాకెట్ విరుగుతుంది. టోపీలు తీశాక ఒక చివర టీవీకి పెట్టి టీవీ ఆన్ చెయ్యండి, రెండో చివర ఎర్రటి వెలుగు కనిపించాలి. కనిపించిందంటే టీవీ, కేబుల్ రెండూ బాగున్నట్టే, ఇంకా సౌండ్ రాకపోతే వెతకాల్సింది డాక్ వైపు. మూతి ఆకారం చూడండి, నాలుగు మూలల్లో రెండు కోసేసినట్టుంటాయి, సాకెట్ కూడా అలాగే ఉంటుంది, సరిగ్గా తిప్పి పెడితే టక్కుమని కూర్చుంటుంది.

తర్వాత టీవీ సెట్టింగ్స్‌లో సౌండ్‌లోకి వెళ్లి డిజిటల్ అవుట్‌పుట్ అన్న చోట పీసీఎం, అంటే కుదించని మామూలు డిజిటల్ సౌండ్, పెట్టండి. ఇది మర్చిపోవద్దు. ఆటో అనో, బిట్‌స్ట్రీమ్ అనో, పాస్ త్రూ అనో ఉంటే ఓటీటీలో 5.1 (ఆరు చానెళ్ల సరౌండ్ సౌండ్) సినిమా పెట్టగానే టీవీ డాల్బీ డిజిటల్ సిగ్నల్‌ని యథాతథంగా పంపేస్తుంది, చవక డాక్‌లకి డాల్బీ విప్పడం రాదు, దాంతో అయితే నిశ్శబ్దం, లేకపోతే చెవులు చిల్లులు పడేలా బరబరమని రొద వస్తుంది. యూట్యూబ్‌లో వస్తోంది, సినిమాలో రావట్లేదు అని ఎవరైనా అంటే నూటికి తొంభై పాళ్లు కారణం ఇదే. పీసీఎం పెడితే టీవీయే ఆ 5.1ని రెండు చానెళ్లకి కుదించి పంపుతుంది, మీ యాంప్‌కి కావాల్సింది కూడా రెండే.

డాక్‌కి కరెంటు 5 వోల్టుల అడాప్టర్‌తో ఇవ్వండి. టీవీ యూఎస్‌బీ నుంచి తీసుకుంటే టీవీతో పాటే ఆగిపోతుందన్న సౌకర్యం ఉంది గానీ, కొన్ని టీవీల్లో ఆ లైన్‌లోంచి సన్నగా కీచుమనే శబ్దం స్పీకర్లలోకి వస్తుంది.


సరౌండ్ ప్రియ

పైన చెప్పినదంతా కరెక్టే, నేను మాత్రం కొంచెం ముందుకి ఆలోచించమంటాను. ఇవాళ స్టీరియో యాంప్, రెండేళ్ల తర్వాత 5.1 రిసీవర్ కొనాలనిపిస్తే గోడ మళ్లీ పగలగొడతారా? పైపు ఎలాగూ వేస్తున్నారు కాబట్టి ఆప్టికల్‌తో పాటు హెచ్‌డీఎంఐ కూడా వేసి ఉంచండి.

ఎందుకంటే ఆప్టికల్ పాత టెక్నాలజీ, తోషిబా వాళ్లు 1983లో తెచ్చినది. అందులో రెండు చానెళ్ల పీసీఎం కానీ, కుదించిన 5.1 డాల్బీ డిజిటల్, డీటీఎస్ కానీ వెళ్తాయి, అంతే. ఓటీటీ యాప్‌లలో అట్మాస్ (నెత్తి మీది నుంచి కూడా వినిపించే సరౌండ్) వచ్చేది ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్ మీద, అది ఆప్టికల్‌లో వెళ్లదు. హెచ్‌డీఎంఐ ఆర్క్‌లో వెళ్తుంది. ఆర్క్ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది, అంతవరకు హెచ్‌డీఎంఐ అంటే ప్లేయర్ నుంచి టీవీకి వెళ్లేదే, ఆర్క్ వచ్చాక అదే తీగలో టీవీ నుంచి సౌండ్ వెనక్కి కూడా రావడం మొదలైంది. ఈఆర్క్ 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో ప్రకటించారు, సెకనుకి 37 మెగాబిట్ల దాకా పడుతుంది, బ్లూ రే డిస్క్‌లో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ, కుదించని 7.1 కూడా అందులో వెళ్తాయి. మీ టీవీకి ఈఆర్క్ ఉంది కాబట్టి దాన్ని వాడుకోకపోవడం నాకైతే నష్టమే అనిపిస్తుంది.

అయితే ఒకటి, టీవీకి నాలుగు హెచ్‌డీఎంఐలు ఉన్నా ఆర్క్ పనిచేసేది ఆ గుర్తున్న పోర్టు ఒక్కదాంట్లోనే. పైగా చాలా టీవీల్లో సీఈసీ, అంటే హెచ్‌డీఎంఐ తీగ ద్వారా ఒకే రిమోట్‌తో రెండు పరికరాల్నీ నడిపే ఏర్పాటు, ఆన్ చేస్తే గానీ ఆర్క్ లేవదు. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టుకుంది, శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ అని ఉంటుంది, మెనూలో సీఈసీ అని వెతికితే దొరక్కపోవచ్చు.

8కె కేబుల్ గురించి. కేబుల్‌కి 4కె, 8కె అని అధికారిక రకాలేమీ లేవు, ఉన్నవి వేగాన్ని బట్టి పెట్టిన పేర్లు. ప్రీమియం హై స్పీడ్ అంటే 18 గిగాబిట్లు, 4కె సెకనుకి 60 ఫ్రేములకి అది చాలు. అల్ట్రా హై స్పీడ్ అంటే 48 గిగాబిట్లు, 4కె 120 ఫ్రేములకి కావాలి. ప్లేస్టేషన్ 5 డబ్బాలోనే అల్ట్రా హై స్పీడ్ కేబుల్ వస్తుంది కాబట్టి తమ్ముడి కోసం కొత్తది కొనక్కర్లేదు, ఆ కేబుల్‌ని సెట్‌టాప్ బాక్స్‌కి వాడేసి గేమ్‌కి పాతది తగిలించి ఉంటే మాత్రం మార్చండి. కొత్తది కొనేటప్పుడు ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్ ఉన్న సర్టిఫికేషన్ లేబుల్ ఉందో లేదో చూడండి, దాన్ని స్కాన్ చేసే యాప్ కూడా ఉంది. లేబుల్ లేకుండా 8కె, బంగారం, అల్లిన తొడుగు అని ఎన్ని రాసినా నమ్మొద్దు.

బంగారు పూత వల్ల పిన్ను తుప్పు పట్టదు, ఆ మేరకు మంచిదే. సౌండ్ మాత్రం మారదు. డిజిటల్ సిగ్నల్ సరిగ్గా చేరితే మొత్తం చేరినట్టే, సరిగ్గా చేరకపోతే బొమ్మ మీద చుక్కలు మెరుస్తాయి, స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వస్తుంది, సౌండ్ తెగితెగి వస్తుంది. కేబుల్ మార్చగానే గాయని గొంతు తియ్యగా అయింది, బాస్ పెరిగింది అని చెప్పి అమ్మేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది, ఆ నాలుగు వేలు స్పీకర్ల మీద పెడితే ఆ ఇంట్లోవాళ్లు ఎంత సంతోషిస్తారు.


ఉప్పల్ స్టీరియో

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. డబ్బా మార్చి డాక్ తీసుకుంటాను. రెండు డౌట్లు మిగిలాయి.

ఒకటి, ప్రస్తుతానికి సెట్‌టాప్ బాక్స్ వెనక ఉన్న ఎరుపు తెలుపు సాకెట్ల నుంచి నేరుగా యాంప్‌కి వైరు లాగి చూశాను. సౌండ్ వస్తోంది గానీ వెనక గుంయ్ మని ఒక శబ్దం ఆగకుండా ఉంటోంది, వాల్యూమ్ తగ్గించినా పోవట్లేదు. యాంప్ పాతబడిందా? రెండు, ఆప్టికల్ పెడితే టీవీ రిమోట్‌తో వాల్యూమ్ తగ్గుతుందా, లేక అమ్మ ప్రతిసారి లేచి యాంప్ దగ్గరికి వెళ్లాలా? ఆ యాంప్‌కి రిమోట్ లేదు.


వైరింగ్ పని

ఆ గుంయ్ శబ్దం గురించి నేను చెప్తాను, అపార్ట్‌మెంట్లలో ఇది చాలా ఎక్కువగా వస్తుంది. యాంప్‌ని అనుమానించే ముందు ఒక పని చెయ్యండి. సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే డిష్ వైరు లేదా కేబుల్ వైరు మర విప్పి పక్కన పెట్టండి, యాంప్‌కి పెట్టిన ఆర్‌సీఏ మాత్రం అలాగే ఉంచండి. గుంయ్ ఆగిపోయిందంటే యాంప్ తప్పేమీ లేదు, అది గ్రౌండ్ లూప్. డాబా మీది నుంచి వచ్చే వైరు ఒక చోట ఎర్త్ అవుతుంది, మీ ఫ్లాట్ ప్లగ్గు ఇంకో చోట ఎర్త్ అవుతుంది, రెండింటికీ మధ్య కొద్దిపాటి వోల్టేజ్ తేడా ఉంటుంది, ఆ తేడా వల్ల ఆర్‌సీఏ వైరు పై తొడుగులోంచి కరెంటు పారి, మన 50 హెర్ట్జ్ మెయిన్స్ హమ్ స్పీకర్‌లో వినిపిస్తుంది. వైరు విప్పినా శబ్దం అలాగే ఉంటే అప్పుడు యాంప్‌లో కెపాసిటర్లు ఎండిపోయాయేమో రిపేర్ తెలిసిన వాళ్లకి చూపించండి, ముప్పై ఏళ్ల యాంప్‌కి అది మామూలే, మార్చడానికి పెద్దగా ఖర్చవదు.

గ్రౌండ్ లూప్ అయితే ఆప్టికల్ మీ పాలిట వరం. అందులో వెళ్లేది వెలుతురు, లోపల ఉండేది ప్లాస్టిక్ తీగ, రాగి లేదు కాబట్టి టీవీకీ యాంప్‌కీ మధ్య కరెంటు సంబంధమే ఉండదు. అందుకే ఈఆర్క్ ఎంత గొప్పదైనా, స్టీరియో యాంప్ వాడేవాళ్లకి నేను ముందు చెప్పేది ఆప్టికలే. డాక్‌కి మాత్రం టీవీ యూఎస్‌బీ నుంచి కరెంటు ఇవ్వొద్దు, ఇస్తే ఆ రాగి తీగ ద్వారా లూప్ మళ్లీ మొదలవుతుంది.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నాను. హమ్ పోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకెయ్యమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. హమ్ పోతుంది నిజమే, కానీ యాంప్‌లో ఎప్పుడైనా ఇన్సులేషన్ దెబ్బతింటే ఆ ఇనుప బాడీ మీదికి 230 వోల్టులు వస్తాయి, ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ముట్టుకునే వస్తువది.

ఇక పైపు. ఎలక్ట్రీషియన్ మామూలుగా 25 మిల్లీమీటర్ల పైపు వేసి సరిపోతుందంటాడు. హెచ్‌డీఎంఐ లోహపు మూతి వెడల్పే దాదాపు 14 మిల్లీమీటర్లు, పైన ప్లాస్టిక్ తొడుగుతో చాలా కేబుళ్లకి 20 దాకా పోతుంది, 25 పైపు లోపలి ఖాళీ దానికి బొటాబొటి, వంపు దగ్గర కచ్చితంగా ఇరుక్కుంటుంది. 40 పైపు వేయించండి. మూలల్లో ఎల్బోలు వద్దు, పొడుగు బెండ్లు పెట్టమనండి, ఆప్టికల్ తీగని మడత పెట్టినట్టు వంచితే లోపల విరుగుతుంది, బయటికి ఏమీ తెలియదు. కరెంటు వైర్లున్న పైపులో ఇవి వెయ్యొద్దు, పక్కపక్కనే పొడుగునా పోనివ్వొద్దు, అడ్డంగా దాటాల్సి వస్తే ఫర్వాలేదు. కేబుళ్లు లాగాక లోపల ఒక నైలాన్ తాడు వదిలెయ్యండి, రేపు ఇంకో కేబుల్ లాగాలంటే దానికే కట్టి లాగొచ్చు.

ఎనిమిది మీటర్లకి ఆప్టికల్ పని చేస్తుంది, పది దాటితే ప్లాస్టిక్ తీగలో వెలుతురు తగ్గి సౌండ్ తెగుతుంది. పలచటివి కాకుండా 5 మిల్లీమీటర్ల మందం తొడుగున్నది తీసుకోండి. హెచ్‌డీఎంఐ మాత్రం అంత దూరానికి మామూలు రాగిది నమ్మలేం, 48 గిగాబిట్లయితే రాగి కేబుల్ ఐదు మీటర్ల లోపే. అంత దూరం కావాలంటే లోపల ఫైబర్ ఉన్న యాక్టివ్ హెచ్‌డీఎంఐ వేసుకోవాలి, దానికి దిక్కు ఉంటుంది, ఒక మూతి మీద సోర్స్ అని, ఇంకోదాని మీద డిస్‌ప్లే అని ఉంటుంది. మీరు రిసీవర్ కోసమని వేసి ఉంచితే డిస్‌ప్లే మూతి టీవీ వైపు రావాలి, కొనేటప్పుడు ఈఆర్క్ పనిచేస్తుందని ప్యాకెట్ మీద రాసుందో చూడండి, అన్నిట్లోనూ పనిచెయ్యదు. ఏది వేసినా సరే, ముందు నేల మీద పరిచి రెండు చివర్లూ కలిపి ఓ సినిమా ఆడించి చూసి, ఆ తర్వాతే పైపులోకి పంపండి. సీలింగ్ మూసేశాక కేబుల్ పాడైందని తెలిస్తే ఆ బాధ చెప్పుకోలేనిది.

రేపు రిసీవర్ కొంటే అప్పుడే ఫైబర్ కేబుల్ కొనుక్కోవచ్చు, 40 పైపు, తాడు ఉంటే చాలు. ఇప్పుడే డబ్బు పెట్టక్కర్లేదని నా అభిప్రాయం.


పాత పాటలు నల్లకుంట

మా ఇంట్లో కూడా పాత యాంప్‌కే టీవీ కలిపి వాడుతున్నాం, అత్తగారికి ఒక్కటే రిమోట్ ఉండాలి, కాబట్టి మీ అమ్మగారి సంగతి నాకు బాగా అర్థమైంది.

ఆప్టికల్ నుంచి వచ్చే సౌండ్ లెవల్ చాలా టీవీల్లో స్థిరంగా ఉంటుంది, టీవీ రిమోట్ నొక్కినా మారదు. మ్యూట్ నొక్కినా స్పీకర్లు మోగుతూనే ఉంటాయి, పెద్దవాళ్లు అక్కడే కంగారు పడతారు. దీనికి మూడు దార్లున్నాయి. రిమోట్‌తో వచ్చే డాక్ ఒకటి, కానీ అది రెండో రిమోట్ అవుతుంది. రెండోది, ఆర్క్‌కి పెట్టుకునే డాక్, హెచ్‌డీఎంఐ ఆర్క్ పోర్టుకి కలిపితే ఆర్‌సీఏ బయటికి ఇస్తుంది, వాటిల్లో కొన్నింటికి సీఈసీ ఉంటుంది, టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మారుతుంది. కొనేటప్పుడు సీఈసీ వాల్యూమ్ కంట్రోల్ ఉందా అని ఆ మాటే అడగండి, ఊరికే ఆర్క్ ఉంది అంటే చాలదు.

మూడోది అన్నిటికన్నా చవక, అందరూ తీసిపారేస్తారు గానీ మేము వాడేది అదే. టీవీ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి 3.5 మిల్లీమీటర్ల పిన్ను నుంచి రెండు ఆర్‌సీఏల వైరు వేసి యాంప్ ఆక్స్‌కి కలపడం. టీవీలోనే ఒక డాక్ ఉంది, ఆ రంధ్రంలోంచి వచ్చేది దాని సౌండే. వాల్యూమ్ టీవీ రిమోట్‌తో మారుతుంది, టీవీ ఆపితే సౌండ్ ఆగుతుంది, పీసీఎం గొడవ లేదు, పెదాల కదలికకీ మాటకీ తేడా రాదు. యాంప్ వాల్యూమ్ ఒకచోట పెట్టేసి వదిలెయ్యొచ్చు. కొన్ని టీవీల్లో పిన్ను పెట్టగానే టీవీ స్పీకర్లు ఆగిపోతాయి, కొన్నిట్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చాలి. నాణ్యత అన్నారంటే, సీరియల్స్‌కి, వార్తలకి, పాత సినిమా పాటలకి నా చెవికి ఏ లోటూ అనిపించలేదు. మీకు గుంయ్ సమస్య ఉంది కాబట్టి ఇందులోనూ హమ్ రావొచ్చు, ఒకసారి పొట్టి వైరు పెట్టి చూడండి. రాకపోతే ఎనిమిది మీటర్ల మంచి షీల్డ్ వైరు వెయ్యండి, లైన్ సిగ్నల్‌కి ఆ దూరం ఎక్కువేమీ కాదు.

ఇంకోటి, వైరు ఎక్కడ పెట్టినా ఫోనో అని రాసిన చోట మాత్రం పెట్టకండి. అది రికార్డ్ ప్లేయర్ సూది నుంచి వచ్చే చిన్న సిగ్నల్ కోసం, లోపల దాన్ని చాలా రెట్లు పెంచే సర్క్యూట్ ఉంటుంది, పైగా బాస్ పెంచి పై స్వరాలు తగ్గిస్తుంది. టీవీ సౌండ్ అందులోకి పంపితే గొంతు పగిలినట్టు, బొంగురుగా వస్తుంది, ఎక్కువసేపు పెడితే స్పీకర్లకి కూడా మంచిది కాదు. ఆక్స్, ట్యూనర్, టేప్ ప్లే ఏదైనా సరే.

డైలాగులు వినపడక పాటలు రాగానే ఇల్లంతా మోగుతుంటే ఓటీటీలో ఆడియో దగ్గర చూడండి. కొన్ని యాప్‌లలో తెలుగు అని ఒకటి, తెలుగు 5.1 అని ఇంకోటి ఉంటాయి. రెండు స్పీకర్లే ఉన్నప్పుడు మామూలు తెలుగు పెట్టుకుంటే మాట స్పష్టంగా ఉంటుంది. 5.1లో మాటలన్నీ మధ్య స్పీకర్‌కి పంపుతారు, దాన్ని రెండింటికి కుదించేటప్పుడు మాట కాస్త వెనకబడుతుంది.


ఉప్పల్ స్టీరియో

డిష్ వైరు విప్పగానే గుంయ్ పూర్తిగా ఆగిపోయింది, యాంప్ బాగానే ఉందన్నమాట, చాలా సంతోషంగా ఉంది. హెడ్‌ఫోన్ వైరు కూడా పెట్టి చూశాను, అందులో హమ్ కొద్దిగా ఉంది, నాకు భరించలేనంత కాదు గానీ రాత్రి పూట వినిపిస్తోంది. పక్కింటివాళ్ల ఆప్టికల్ డాక్ తెచ్చి పెడితే నిశ్శబ్దం. కాబట్టి ఆప్టికలే, 40 పైపు రేపు వేస్తారు. టీవీ మెనూ అంతా వెతికాను, డిజిటల్ అవుట్‌పుట్ లెవల్ మార్చే ఆప్షన్ ఎక్కడా లేదు, పైన అన్నట్టు స్థిరంగానే వస్తోంది.

ఇంకో సమస్య కూడా వచ్చింది. డాక్ పెట్టినప్పుడు యాంప్ వాల్యూమ్ గుండ్రం కొద్దిగా కదిపితేనే హాలంతా దద్దరిల్లుతోంది, గడియారం ముల్లు లెక్కన ఎనిమిది గంటల దగ్గర నుంచి తొమ్మిది దాకా జరపడానికి కూడా లేదు. టేప్‌కి అలా ఉండదు. రాత్రి మెల్లగా పెట్టాలంటే ఎడమ స్పీకరే వినిపిస్తోంది, కుడిది అసలు వినపడట్లేదు. డాక్ తప్పా?


గుజరాతీ గల్లీ రెగ్యులర్

డాక్ తప్పు కాదు, యాంప్ తప్పూ కాదు. ఇప్పటి డాక్‌లు ఆర్‌సీఏ మీద 2 వోల్టుల దాకా ఇస్తాయి, సీడీ ప్లేయర్ల కాలం నుంచి అదే లెక్క. పాత యాంప్‌ల ఆక్స్ 150, 200 మిల్లీవోల్టులకే పూర్తి వాల్యూమ్ ఇచ్చేలా చేసినవి, క్యాసెట్ డెక్, రేడియో ఇచ్చేది ఆ మాదిరే ఉండేది. అందుకే వాల్యూమంతా గుండ్రం మొదటి ముక్కలోనే అయిపోతోంది. పాత వాల్యూమ్ గుండ్రాల్లో ఆ మొదటి ముక్కలో ఎడమ, కుడి ట్రాక్‌లు సమానంగా ఉండవు, మీకు ఒక స్పీకరే వినిపించడానికి కారణం అదే.

దీనికి ఆర్‌సీఏ అటెన్యుయేటర్ అని చిన్న పిన్నులు జత వస్తాయి, లోపల రెసిస్టర్లే, డాక్ వైరుకీ యాంప్ సాకెట్‌కీ మధ్యలో తొడిగితే చాలు. 10 లేదా 12 డెసిబెల్స్‌వి అడగండి. 12 డెసిబెల్స్ అంటే వోల్టేజ్ నాలుగో వంతు అవుతుంది, అంటే 2 వోల్టులు అర వోల్టు. డాక్ వైపు కాదు, యాంప్ వైపు పెట్టండి. గల్లీలో రెడీమేడ్ దొరక్కపోతే అక్కడే రెసిస్టర్లు అమ్మే షాపుల్లో ఒక చానెల్‌కి 10 కిలో ఓమ్ సిరీస్‌లో, 3.3 కిలో ఓమ్ గ్రౌండ్‌కి పెట్టి వైరులోనే అతికించమంటే చేసిస్తారు, దాదాపు అదే 12 వస్తుంది.

అది పెట్టాక గుండ్రం పది, పదకొండు గంటల మధ్యలో తిరిగేలా ఉంటుంది, రెండు స్పీకర్లూ సమానంగా వస్తాయి. మీ టీవీలో ఆప్టికల్ లెవల్ మార్చే వీలు లేదన్నారు కాబట్టి అమ్మగారి రిమోట్ కోసం సీఈసీ ఉన్న ఆర్క్ డాక్ కూడా ఆలోచించండి, దానికీ ఈ అటెన్యుయేటర్లే పనికొస్తాయి. కానీ అది రాగి తీగ, హమ్ మళ్లీ రావొచ్చు, ఎనిమిది మీటర్ల హెచ్‌డీఎంఐ కొనకముందే డాక్‌ని టీవీ దగ్గరే పెట్టి, ఒక మీటర్ హెచ్‌డీఎంఐతో టీవీకీ, మామూలు ఆర్‌సీఏ వైరుతో యాంప్‌కీ కలిపి, డిష్ వైరు బిగించి ఉంచి వినండి. హమ్ లేకపోతే అలాగే వదిలేసి పైపులో ఆర్‌సీఏ లాగండి. హమ్ వస్తే ఆప్టికల్‌కే ఉండి, రిమోట్ ఉన్న డాక్ తీసుకోండి, ఆ చిన్న రిమోట్‌ని టీవీ రిమోట్‌కి వెనక డబుల్ టేప్‌తో అంటించేస్తే సరిపోతుంది.